క్యామ్, హెడర్ మార్చాక స్లో (ఐడిల్) నిలబడట్లేదు: స్కానర్ లీన్ (పెట్రోల్ తక్కువ) అంటోంది, ప్లగ్గులు మాత్రం నల్లగా ఉన్నాయి

పొన్నూరురోడ్డు_1300:
గుంటూరు బండి. 2008 స్విఫ్ట్ 1.3 పెట్రోల్, జీ13బీబీ ఇంజన్. రీగ్రైండ్ చేసిన క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు), 4-2-1 హెడర్ (పొగ గొట్టాలు), ఓపెన్ ఫిల్టర్, లేత్ మీద తేలిక చేయించిన ఫ్లైవీల్. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) కంపెనీదే, ట్యూనింగ్ ఏమీ లేదు. ఓ2 సెన్సర్‌ని హెడర్ పైపులు కలిసే చోటికి మార్చి బిగించారు. గాలి వేడి చూసే ఐఏటీ సెన్సర్ ఓపెన్ ఫిల్టర్ పక్కనే, రేడియేటర్ వెనకాల ఉంది.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు కాస్త ఊగుతుంది గానీ ఆగదు. వేడెక్కాక 600కీ 1100కీ మధ్య కొట్టుకుంటోంది. బెంజి సర్కిల్ లాంటి చోట ఏసీతో నిలబడితే, న్యూట్రల్ చేయగానే ఆర్పీఎం జారిపోయి ఆఫ్ అయిపోతోంది. థ్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వు క్లీన్ చేశారు. ప్లగ్గులు కొత్తవే, 500 కిలోమీటర్లకే మసి పట్టాయి. స్కానర్‌లో మాత్రం ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో) ప్లస్‌లో ఉంది, అంటే లీన్ అనే కదా? క్యామ్ తీసేసి పాతది వేయించమంటున్నారు. అంతేనా దారి?

స్పానర్_10:
ముందు వాక్యూమ్ లీకు (ఇంజన్‌లోకి దొంగగాలి) చూడండి అన్నా. ఐడిల్‌లో ట్రిమ్ ఎక్కువగా ఉండి 2500 దగ్గర తగ్గిపోతే లీకనే లెక్క. మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) ప్యాకింగ్, బ్రేక్ బూస్టర్ పైపు, పీసీవీ (ఇంజన్ లోపలి ఆవిరి లాగే) పైపు చూడండి. కార్బ్ క్లీనర్ మాత్రం కొట్టకండి, హెడర్ కాలిపోతూ ఉంటుంది, భగ్గుమంటుంది. అడుగు పొడవు రబ్బరు పైపు ఒక కొస చెవి దగ్గర, రెండో కొస జాయింట్ల వెంబడి తిప్పండి. లీకున్న చోట బుస్సుమని వినిపిస్తుంది.

టాపెట్_గ్యాప్:
పైన చెప్పిన ట్రిమ్ లెక్క గాలిని ఫిల్టర్ దగ్గరే కొలిచే ఎంఏఎఫ్ బండ్లకు. ఈ స్విఫ్ట్‌లో ఎంఏఎఫ్ లేదు, ఎంఏపీ సెన్సర్ ఉంది. అది మానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలుస్తుంది. లీకు ద్వారా వచ్చిన గాలి కూడా ఆ ఒత్తిడిలో కనిపిస్తుంది కాబట్టి ఈసీయూ దానికి తగ్గ పెట్రోల్ పోసేస్తుంది. అందుకని ఎంఏపీ బండిలో వాక్యూమ్ లీకుంటే ట్రిమ్ పెద్దగా కదలదు, ఐడిల్ పైకి పోతుంది, ఐడిల్ వాల్వు మూసుకుపోతుంది. లీకు ఒకే సిలిండర్ పోర్టు పక్కన ఉంటే ఆ ఒక్కటి మిస్సవుతుంది (సరిగా మండదు). నెట్‌లో దొరికే సలహాల్లో సగం ఎంఏఎఫ్ బండ్లవి, అవి చదివి ప్యాకింగులు మార్చుకుంటూ పోతే డబ్బులే దండగ.

ఇక్కడ అసలు ఆధారం ప్లగ్గులు. అవి నల్లగా, పొడి మసితో ఉన్నాయంటే బండి రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువగా) ఉంది. స్కానర్ లీన్ అంటోందంటే ఓ2 సెన్సర్ అబద్ధం చెబుతోందన్న మాట. ఆ సెన్సర్ పెట్రోల్‌ని చూడదు, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని మాత్రమే చూస్తుంది. హెడర్ ఫ్లాంజి (ఇంజన్‌కి బిగించే పట్టీ) దగ్గర సన్నని లీకున్నా ఐడిల్‌లో ఎగ్జాస్ట్ కొట్టుకునే ప్రతిసారీ బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. క్యామ్ ఓవర్‌ల్యాప్ (రెండు రకాల వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండే సమయం) ఎక్కువై అప్పుడప్పుడూ మిస్సయితే కాలని ఆక్సిజన్ కూడా అటే వస్తుంది. సెన్సర్ 'లీన్' అంటుంది, ఈసీయూ ఇంకా పోస్తుంది, ప్లగ్గు మసిబారుతుంది, ఇంకా మిస్సవుతుంది.

ఈ అంకెలు చెప్పండి: బాగా వేడెక్కాక ఐడిల్‌లోనూ 2500లోనూ లాంగ్ టర్మ్ ట్రిమ్, ఐడిల్‌లో ఎంఏపీ ఎంత, ట్రాఫిక్‌లో పది నిమిషాల తర్వాత ఐఏటీ ఎంత.

పొన్నూరురోడ్డు_1300:
ట్రిమ్ ఐడిల్‌లో +19, 2500లో +5. ఎంఏపీ 46 కిలోపాస్కల్. ఐఏటీ 71 డిగ్రీలు!

టాపెట్_గ్యాప్:
+5ని వదిలేయండి, అది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) లెక్క. శుద్ధ పెట్రోల్‌కి గాలి నిష్పత్తి 14.7, ఈ20కి సుమారు 13.5. పాత బండి ఈసీయూ ఎనిమిది శాతం దాకా కలుపుకోవడం మామూలే. తేల్చాల్సింది ఐడిల్‌లోని +19.

ఇంజన్ వేడిగా ఉండగా కట్టేసి, ఓ2 సెన్సర్ కనెక్టర్ ఊడదీయండి. బ్యాటరీ మైనస్ ఒక పావుగంట తీసి పెట్టండి, లేకపోతే నేర్చుకున్న +19 అలాగే ఉంటుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, వెలగనివ్వండి. ఐడిల్ నిలబడితే దొంగ దొరికినట్టే. అప్పుడు హెడర్ లీకు వెతకండి: ఇంజన్ పూర్తిగా చల్లారాక వాక్యూమ్ క్లీనర్ గాలి ఊదే వైపు సైలెన్సర్ కొసకి పెట్టి, చుట్టూ తడిగుడ్డ కుక్కి, హెడర్ ఫ్లాంజి, వెల్డింగులు, సెన్సర్ బుష్ మీద సబ్బు నురగ రాయండి. బుడగలు ఎక్కడొస్తే అక్కడ. ఫ్లాంజి వంగిందేమో స్కేలు పెట్టి చూసుకోండి. వంగి ఉంటే కొత్త ప్యాకింగ్ వేసినా నిలవదు, లేత్ మీద ఫేసింగ్ (చదును) చేయించాలి.

లీకు లేకపోయినా సెన్సర్ ఉన్న చోటు ఇబ్బందే. పోర్టుల నుంచి దూరం పోయేకొద్దీ ఐడిల్‌లో అది చల్లబడి పని మానేస్తుంది. సెన్సర్‌కి వైర్లెన్నో లెక్కపెట్టండి. ఒక్క వైరుదైతే లోపల హీటర్ లేనట్టే, నాలుగు వైర్ల హీటర్ సెన్సర్ వేయాలి.

ఎంఏపీ 46 అన్నారు. మార్పులేమీ లేని ఆరోగ్యమైన ఇంజన్‌లో వేడెక్కాక ఏసీ లేకుండా 30-35 దగ్గర ఉంటుంది. పెద్ద క్యామ్‌తో 45 వస్తే ఆశ్చర్యం లేదు. కానీ టైమింగ్ బెల్టు ఒక పన్ను తప్పినా ఇదే అంకె వస్తుంది. కాబట్టి క్యామ్‌ని తిట్టేముందు కవర్ విప్పి గుర్తులు కలిశాయో లేదో కళ్లతో చూడండి.

రీగ్రైండ్ క్యామ్‌కి కంపెనీ టాపెట్ గ్యాప్ (వాల్వు దగ్గర వదిలే సందు) పనికిరాదు. గ్రైండ్ చేసినవాళ్లు ఇచ్చిన కాగితంలో ఎంతుందో అంతే పెట్టాలి, చల్లగానా వేడిగానా అన్నది కూడా చూసుకోవాలి. ఎగ్జాస్ట్ గ్యాప్ తక్కువైతే వేడెక్కాక వాల్వు పూర్తిగా కూర్చోదు. చల్లగా బాగుండి వేడిలో చెడేది సరిగ్గా ఇలాగే. ఫీలర్ గేజి (సందు కొలిచే రేకు) పట్టేముందు వేడి మీద కంప్రెషన్ చూడండి: నాలుగు ప్లగ్గులూ తీసి, పెట్రోల్ ఆపి, ఇగ్నిషన్ కట్ చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. సిలిండర్ల మధ్య తేడా ఒక బార్ దాటితే ముందు టాపెట్లే.

ఆటోనగర్_బెంచి:
ఐఏటీ 71 గురించి ఎవరూ పట్టించుకోలేదు. రోహిణి కార్తెలో బెజవాడ గాలే 45 దాకా పోతుంది, దానికి రేడియేటర్ వేడి తోడు. లోపలికి పోయే గాలి 50 ఉండి సెన్సర్ 71 చూపిస్తే ఈసీయూ పెట్రోల్‌ని దాదాపు 6 శాతం కోస్తుంది. వేడి మీద మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు ట్రిమ్ పని మొదలవకముందే తడబడేది అందుకే. ఫిల్టర్‌ని బంపర్ మూలకో ఫెండర్ లోపలికో దింపి, మధ్యలో అల్యూమినియం రేకు అడ్డం పెట్టండి. వానాకాలంలో నీళ్లు లాక్కునేంత కిందకు మాత్రం దింపొద్దు.

ఆఫ్ అవడంలో ఫ్లైవీల్ వాటా కూడా ఉంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఈసీయూ పెట్రోల్ ఆపేసి, ఆర్పీఎం కిందకు వచ్చాక మళ్లీ ఇస్తుంది. బరువు తగ్గిన ఫ్లైవీల్‌తో ఆర్పీఎం దబ్బున పడిపోతుంది, పెట్రోల్ మళ్లీ అందేలోపే ఇంజన్ 500 కిందకు జారుతుంది. అదే క్షణంలో ఏసీ కంప్రెసర్ పట్టిందా, అంతే.

దీనికి చాలామంది థ్రాటిల్ స్టాప్ స్క్రూ తిప్పేస్తారు. అది పొరపాటు. టీపీఎస్ (థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సర్) వోల్టేజి మారి 'కాలు తీసేశారు' అన్న సంగతి ఈసీయూకి తెలియదు, ఐడిల్ కంట్రోల్ వదిలేస్తుంది. టీపీఎస్ మూసి ఉన్నప్పుడు ఒక వోల్టు లోపల స్థిరంగా ఉండాలి, మెల్లగా తొక్కితే ఎక్కడా ఎగరకుండా పెరగాలి.

ఎర్త్ కూడా చూడండి. గేర్‌బాక్స్ దింపి ఫ్లైవీల్ మార్చినప్పుడు ఎర్త్ స్ట్రాప్ వదులుగా బిగించడం సర్వసాధారణం. మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.3 వోల్టు దాటితే స్ట్రాప్ విప్పి గీరి బిగించాలి.

పొన్నూరురోడ్డు_1300:
సెన్సర్ పీకితే ఐడిల్ 850 దగ్గర నిలబడింది, ఏసీ వేస్తే ఊగింది గానీ ఆగలేదు. సబ్బు నురగ మూడో పోర్టు ఫ్లాంజి దగ్గర పొంగింది. సెన్సర్‌ది ఒక్క వైరే.

టాపెట్_గ్యాప్:
అయితే క్యామ్ తీయక్కర్లేదు. ఫేసింగ్, కొత్త ప్యాకింగ్, హీటర్ ఉన్న సెన్సర్. హీటర్‌కి కరెంటు ఇగ్నిషన్ ఆన్‌లో మాత్రమే వచ్చే లైను నుంచి ఫ్యూజుతో ఇవ్వండి. హెడర్ నట్లు మధ్య నుంచి బయటికి రెండు విడతలుగా బిగించి, ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించండి. ప్లగ్గుల మసి తుడిచి వాడొద్దు, కొత్తవి వేయండి. బ్యాటరీ తీసి మెమరీ చెరిపి, రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగేదాకా ఏసీ లేకుండా, తర్వాత అయిదు నిమిషాలు ఏసీతో ఐడిల్‌లో వదలండి. ఐడిల్ ట్రిమ్ +8 లోపలికి వస్తే చాలు. అప్పటికీ ఏసీ పట్టినప్పుడు ఆర్పీఎం మరీ పడిపోతుంటే ఐడిల్ టార్గెట్‌ని 950కి పెంచాలి. అది ఈసీయూ ట్యూనింగ్‌తోనే అవుతుంది, స్క్రూతో కాదు.