అప్‌డేట్: ఉద్యోగం వదలాలా అని అడిగాను, చివరికి ఏం చేశానంటే

మంచి జీతం ఉన్నా నిద్ర పట్టనివ్వని ఉద్యోగాన్ని వదిలేయాలా, ఇంటి భద్రత కోసం భరించాలా అని ఏడాదిన్నర క్రితం మిమ్మల్ని అడిగాను. ముందు ఖర్చుల లెక్క రాసుకోమన్న వారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

రాసి చూశాక, నన్ను భయపెడుతున్నది జీతం తగ్గడం కాదని, అది ఆగిపోతే ఎన్నాళ్లు నిలబడగలమో తెలియకపోవడమని అర్థమైంది. అందుకే వెంటనే రాజీనామా చేయకుండా, అధిక వడ్డీ పడే క్రెడిట్ కార్డు బాకీని మొదట తీర్చి, 6 నెలల తప్పనిసరి ఖర్చులకు సరిపడే సొమ్మును విడిగా పొదుపు ఖాతాలో ఉంచి, యాజమాన్యంతో సంబంధం లేని ఆరోగ్య బీమా తీసుకున్నాక, గత నెలలో తక్కువ జీతమున్న మరో ఉద్యోగంలో చేరాను.

ఒక స్థాయి దాటాక ఆదాయం పెరిగినా రోజువారీ సంతోషం పెరగదని మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్, ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ 2010లో రాశారు. 2023లో కానెమన్ మరో ఇద్దరితో కలిసి దానిని సవరిస్తూ, సంతోషం అలా పెరగకుండా ఆగిపోవడం అత్యంత అసంతృప్తితో ఉన్నవారిలోనే కనిపిస్తుందని తేల్చారు. ఆ మాట నాకు బలంగా తగిలింది. అప్పటికి నేనూ అదే స్థితిలో ఉన్నాను.

ఇప్పుడు నిద్ర పడుతోంది. పదవీ విరమణ కోసం దాచే మొత్తం మాత్రం సగానికి తగ్గింది. దానిని వచ్చే ఏడాది నుంచి మళ్లీ పెంచాలని ఇంట్లో ఇద్దరం కూర్చుని నిర్ణయించుకున్నాం.