ఆఫీసు ఫైల్ సర్వర్: నాస్ పెట్టె సరిపోతుందా, టవర్ సర్వరే కొనాలా?

పర్లాకిమిడి_గుమస్తా:
మాది పర్లాకిమిడిలో టాక్సు, ఆడిట్ పనులు చూసే ఆఫీసు. తొమ్మిది సిస్టమ్‌లున్నాయి. అందరి ఫైళ్లూ ఒక పాత డెస్క్‌టాప్‌లో ఉంటాయి. అందులో విండోస్ 7, ఒకే ఒక్క 2 టీబీ డిస్కు. 1.4 టీబీ నిండిపోయింది. ఎక్కువగా స్కాన్ చేసిన బిల్లులు, పాత బ్యాలెన్స్ షీట్లు, టాలీ (ఖాతాల సాఫ్ట్‌వేర్) డేటా. ఈమధ్య డిస్కు టకటకమని చప్పుడు చేస్తోంది. సారు లక్షన్నర దాకా పెడతానన్నారు. ఒక షాపాయన నాలుగు డిస్కుల నాస్ పెట్టె (నెట్‌వర్క్‌కు తగిలించి అందరూ ఫైళ్లు దాచుకునే పెట్టె) చాలంటాడు, ఇంకో ఆయన జియాన్ అనే సర్వర్ ప్రాసెసర్ ఉన్న టవర్ సర్వర్ తీసుకోమంటాడు. ఎవరి మాట వినాలి?

రాయగడ_సిస్టమ్స్:
టవరే, రెండో మాట లేదు. ఈసీసీ మెమరీ వస్తుంది, ఎక్కడైనా ఒక బిట్ తారుమారైతే తనే సరిచేసుకుంటుంది. నాలుగు 4 టీబీ డిస్కులు రెయిడ్ 5 అనే పద్ధతిలో కలిపి పెడితే 12 టీబీ చేతికొస్తుంది, ఒక డిస్కు పోయినా పని ఆగదు. పైగా మీది టాలీ ఆఫీసు. నాస్‌లో టాలీ డేటా పెట్టి అందరూ ఒకేసారి తెరిస్తే 20వ తారీఖున జీఎస్టీ 3బి రిటర్ను వేసేటప్పుడు తెలుస్తుంది కష్టం.

జయపురం_ఖాతాలు:
ముందు ఆ టకటకలాడే డిస్కు నుంచి ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ తీయండి బాబూ. చర్చ తర్వాత పెట్టుకోవచ్చు.

బరంపురం_కేబుల్స్:
జయపురం గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఈ రాత్రికే ఆ పని చేయండి.

టాలీ గురించి రాయగడ అన్న చెప్పింది ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను. తొమ్మిది మంది ఎక్సెల్, పీడీఎఫ్ తెరిచే చోట జియాన్‌కు పనేముంది? గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) నెట్‌వర్క్‌లో ఎంత లాగినా సెకనుకు 110 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఆ మాత్రం ఒక మామూలు హార్డ్ డిస్కే ఇస్తుంది. స్పీడు చంపేది వేరే చోట ఉంటుంది. మీ నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) ఒకసారి చూడండి, పాత 100 ఎంబీపీఎస్‌దైతే 11, 12 ఎంబీ మించదు. స్విచ్ కొత్తదైనా కేబుల్ చివర ప్లగ్‌ను వెలుతురులో పెట్టి చూడండి. మన ఊళ్లలో పాత వైరింగ్‌లో ఎనిమిది తీగల్లో నాలుగే క్రింప్ చేసి వదిలేసినవి బోలెడు. నాలుగు తీగలతో గిగాబిట్ రాదు. మీ 1.4 టీబీ కొత్త పెట్టెలోకి మార్చడానికి గిగాబిట్‌లో మూడున్నర గంటలు పడితే, 100 ఎంబీపీఎస్‌లో ఒకటిన్నర రోజు పడుతుంది.

ఇక రెయిడ్ 5. ఒక డిస్కు పోయాక కొత్తది పెడితే మిగతా మూడింటినీ మొదటి నుంచి చివరి దాకా చదివి నింపాలి. 4 టీబీకి ఏ పనీ లేకుండా ఉన్నా ఏడెనిమిది గంటలు. అన్నీ ఒకే బ్యాచ్ డిస్కులైతే ఆ ఒత్తిడిలో రెండోది కూడా పడుకునే భయం ఉంటుంది. మీకున్న డేటాకు రెండు 4 టీబీ డిస్కుల మిర్రర్ (రెండింటిలోనూ ఒకే డేటా) చాలు. కొనేటప్పుడు డిస్కు సీఎంఆరా, ఎస్ఎంఆరా అని అడగండి, అవి డేటా రాసే రెండు పద్ధతులు. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఉంటాయి, తిరగరాయడం నత్తనడక. 2020లో నాస్ డిస్కులని అమ్మిన వాటిలోనూ ఇవి బయటపడి పెద్ద గొడవైంది.

మిగిలిన డబ్బు కరెంటు మీద, అంటే కరెంటు పోయినా కాసేపు ఆగకుండా నడిపే యూపీఎస్ మీద పెట్టండి. గజపతి జిల్లావాళ్లకు 2018 తిత్లీ గురించి నేను చెప్పాలా? తుఫాను దాకా ఎందుకు, వేసవి సాయంత్రం గాలివాన వస్తే చాలు.

రాయగడ_సిస్టమ్స్:
రెయిడ్ 5 వద్దంటే టవర్‌లోనే మిర్రర్ పెట్టుకోవచ్చుగా! నాస్ బోర్డు కాలిపోతే మళ్లీ అదే కంపెనీ పెట్టె కోసం విశాఖ పరుగెత్తాలి. టవర్‌కు పవర్ సప్లై పోతే రాయగడలోనే దొరుకుతుంది.

బరంపురం_కేబుల్స్:
చాలా నాస్ పెట్టెల్లో లోపల ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్సే అన్నా. డిస్కులు తీసి లినక్స్ సిస్టమ్‌కు తగిలిస్తే డేటా వస్తుంది. మరి మీ టవర్ లెక్కలో విండోస్ సర్వర్ లైసెన్సు, తొమ్మిది మందికీ క్యాల్‌లు (సర్వర్ వాడుకునే విడి లైసెన్సులు) వేశారా? అవి కలిపాక లక్షన్నరలో బ్యాకప్‌కు ఏం మిగులుతుంది?

రాయగడ_సిస్టమ్స్:
లినక్స్‌లో ఫైళ్లు పంచే సాంబా సాఫ్ట్‌వేర్ పెడితే లైసెన్సు ఖర్చు లేదు.

బరంపురం_కేబుల్స్:
పెడతారు సరే, తర్వాత ఎవరు చూస్తారు? ఆ ఆఫీసులో మీరుండరు, నేనుండను. ఉన్నది గుమస్తా గారొక్కరే.

గుణుపురం_మాస్టారు:
ఇదంతా ఎందుకు, క్లౌడ్‌లో పెట్టేస్తే పోలా?

జయపురం_ఖాతాలు:
మాస్టారూ, 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఆగకుండా వచ్చినా 1.4 టీబీ ఎక్కడానికి ఆరు రోజులు దాటుతుంది. రోడ్డు పనులకు ఫైబర్ తెగిన రోజు ఆఫీసు మూసుకోవాలి. కాకపోతే రోజూ మారిన ఫైళ్లను మాత్రం క్లౌడ్‌కు పంపడం మంచిదే. కంపెనీల ఖాతాల బ్యాకప్ భారతదేశంలోని సర్వర్‌లో రోజూ ఉండాలని 2022లో రూల్ మార్చారు, కాబట్టి కంపెనీ క్లయింట్లుంటే ఆ సర్వర్ ఎక్కడుందో అడగండి. జీఎస్టీ రికార్డులు కూడా వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి.

ఇంకోటి. నాస్ కొంటే ఇంటి నుంచి చూద్దామని రూటర్‌లో పోర్టు (బయటి నెట్ నుంచి లోపలికి దారి) తెరవకండి. 2022లో డెడ్‌బోల్ట్ అనే, ఫైళ్లు లాక్ చేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ అలా తెరిచిన పెట్టెల మీదే పడింది. రెండు డిస్కుల మిర్రర్ ఉన్నా లాభం లేదు, లాక్ అయిన ఫైలు రెండింటిలోనూ ఒకేసారి రాసుకుంటుంది. ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు వారానికోసారి తగిలించి, కాపీ అయ్యాక తీసి సారు ఇంటి బీరువాలో పెట్టండి.

పర్లాకిమిడి_గుమస్తా:
అందరికీ ధన్యవాదాలు. కాపీ పెట్టాను, నడుస్తోంది. స్విచ్ మీద 10/100 అనే ఉంది! అంటే ఇన్నాళ్లూ సర్వర్‌ను తిట్టుకున్నది ఊరికేనా? రెండు డిస్కుల నాస్ వైపే మొగ్గుతున్నాం. టాలీకి విడిగా ఎస్ఎస్‌డీ ఉన్న విండోస్ సిస్టమ్ ఒకటి. ఆఫీసులో ఇన్వర్టర్ ఉంది కదా, యూపీఎస్ మళ్లీ ఎందుకని సారు అడుగుతున్నారు.

రాయగడ_సిస్టమ్స్:
కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు ఆ చిన్న సందులోనే సిస్టమ్‌లు రీస్టార్ట్ అవుతాయని చెప్పండి. యూఎస్‌బీ పోర్టున్న యూపీఎస్ తీసుకుని నాస్‌కు కలపండి, బ్యాటరీ అయిపోకముందే నాస్ తనంతట తాను షట్‌డౌన్ అవుతుంది. అలాగే ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఎన్ని వోల్టులుందో కొలిపించండి. ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతే అది పెరుగుతుంది, నీళ్లు పోస్తూ ఉండాలి. టవర్ మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను. ఈసీసీ ఉన్న నాస్ దొరికితే అదైనా చూడండి.