పిల్లల టీకాలను చట్టంతో తప్పనిసరి చేయాలా?

ప్రశ్న:
మా పాపకు తొమ్మిది నెలలు నిండాయి. వచ్చే బుధవారం అంగన్‌వాడీ కేంద్రంలో తట్టు–రుబెల్లా టీకా వేయించబోతున్నాము. మా వీధిలోనే ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలకు పెద్దలు టీకాలు వద్దన్నారు. జర్మనీలో 2020 మార్చి నుంచి తట్టు టీకా వేయించుకోని పిల్లలను శిశు సంరక్షణ కేంద్రాల్లో కొత్తగా చేర్చుకోవడం లేదు. బడికి వెళ్లే పిల్లలైతే తల్లిదండ్రులకు 2,500 యూరోల వరకు జరిమానా పడవచ్చు. మనకూ అటువంటి చట్టం అవసరమా?

మొదటి సమాధానం:
అవసరమే. తట్టు సోకిన మనిషి గది విడిచి వెళ్లిన రెండు గంటల వరకు ఆ వైరస్ గాలిలో ఉండగలదు. కేన్సర్ చికిత్స పొందుతున్న పిల్లలకు ఈ టీకా వేయకూడదు కనుక, చుట్టుపక్కల నూటికి 95 మంది రెండు మోతాదులూ వేయించుకుని ఉండడమే వారికి రక్షణ. అందువల్ల దీన్ని ఒక్క ఇంటి సొంత విషయంగా నేను చూడలేను.

రెండవ సమాధానం:
పంతొమ్మిదేళ్లుగా ఏఎన్ఎంగా (ఊళ్లో టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్తగా) పనిచేస్తున్నాను. టీకా తప్పిన పిల్లల్లో నేను ఎక్కువగా చూసింది మిరపకాయల కోతకు, ఇటుక బట్టీలకు వలస వెళ్లిన వారి పిల్లలనే. వారిపై జరిమానా వేసి ఏం సాధిస్తాము? ఒక తల్లి ఆరు వారాల బిడ్డకు తొడ మీద పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే టీకా) సూది వేయించుకుని వెళ్లింది. ఆ రాత్రి బిడ్డకు జ్వరం వచ్చింది, ఆమెకు రెండు రోజుల కూలి పోయింది, రెండవ మోతాదుకు రానన్నది. జ్వరం రావచ్చని ముందుగా చెప్పకపోవడం మా తప్పు. ఇంటికి వెళ్లి, పారాసిటమాల్ ఎంత వేయాలో చూపించి, మరునాడు మళ్లీ వస్తానని మాట ఇచ్చాక ఆమే కార్డు తీసుకుని వచ్చింది. పోలియోను కూడా మనం ఇంటింటికీ తిరిగి చుక్కలు వేసే తరిమాము. దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైంది. చట్టమంటూ చేస్తే, వలస వెళ్లిన చోటికి టీకా చేర్చవలసిన బాధ్యతను ముందుగా ప్రభుత్వంపైనే పెట్టాలి.

మూడవ సమాధానం:
కోవిడ్ టీకాల కేసులో 2022 మే 2న సుప్రీంకోర్టు, ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని, అయితే ప్రజారోగ్యం కోసం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని చెప్పింది. అరుదుగానైనా టీకా వల్ల హాని జరిగితే పరిహారం ఇచ్చేందుకు అమెరికా 1986లోనే చట్టం చేసింది. తప్పనిసరి చేయదలచిన ప్రభుత్వం ఆ భారాన్నీ మోయాలి.

ప్రశ్న అడిగినవారు:
ఆ ఇంట్లోనూ పెద్దబిడ్డకు వచ్చిన జ్వరంతోనే భయం మొదలైందట. బుధవారం మా ఏఎన్ఎం గారిని వారింటికి తీసుకువెళ్తాను.