రెండు పాత జియాన్‌లా, ఒక్క ఎపిక్కా?

బొందివాగు (హన్మకొండ): అన్నలూ, 2023 జులై వానలకు నాలా ఎట్ల పొంగిందో ఓపెన్‌ఫోమ్‌ల (నీళ్లు, గాలి ఎట్ల పారుతయో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) చేసి చూస్తున్న. నా ల్యాప్‌టాప్‌ల ఒక్క రన్‌కు మూడు రోజులు పడుతున్నది. సికింద్రాబాద్ సీటీసీల (కంప్యూటర్ సామాన్ల బజారు) ఒకాయన ఇంటెల్ పాత సర్వర్ చిప్‌లు, జియాన్ ఈ5-2680 వీ4లు రెండు, బోర్డుతోటి ఇస్తా అంటుండు. మొత్తం 28 కోర్లు. ఇంకొన్ని పైసలు కలిపితే ఏఎండీ సర్వర్ చిప్, సెకండ్‌హ్యాండ్ ఎపిక్ 7302పీ ఒకటి వస్తది, కానీ 16 కోర్లే. నాకు 28 మీదనే మనసున్నది.

కాజీపేట జంక్షన్: 28 చూసి మురవకు తమ్మీ. ఓపెన్‌ఫోమ్ ఎక్కువ ఆగేది మెమరీ కాడ. ఆ జియాన్‌కు ర్యామ్ నుంచి డేటా వచ్చే దార్లు, అంటే ఛానళ్లు, నాలుగే. అవి గూడ డీడీఆర్4-2400 వేగానివి. సాకెట్‌కు (ఒక చిప్ కూసునే జాగకు) సెకనుకు 76.8 జీబీ, రెండు కలిపినా 153.6. ఎపిక్‌కు ఎనిమిది ఛానళ్లు, 3200. ఒక్కటే 204.8. మేస్త్రీలు 28 మంది ఉండి మాలు అందిచ్చేటోళ్లు లేకుంటే గోడ లేస్తదా?

పాత సర్వర్ కాకా (కరీంనగర్): ఛానల్‌కు ఒకటి లెక్కన ఎనిమిది ర్యామ్‌లు ఎవరు కొనియ్యాలె? నాలుగే పెడితే నీ 204 సగానికి పడ్తది.

కాజీపేట జంక్షన్: రెండు జియాన్‌లకు గూడ ఎనిమిదే కావాలె కదా కాకా!

పాత సర్వర్ కాకా: నిజమే, కానీ పాత 2400 ర్యామ్ సగం సార్లు బోర్డుతోనే వస్తది. రెండు సాకెట్లంటే దూరపు మెమరీ, అంటే అవతలి చిప్ కాడి ర్యామ్ ఆలస్యంగ అందుతది అని భయపెడ్తరు. ఎంపీఐ ర్యాంకులను (కోర్లకు పంచే పని ముక్కలను) ఒక్కో కోరుకు కట్టేస్తే ఆ బాధ తక్కువే. నేనేం ఇంటెల్ భక్తున్ని గాదు. 2003ల ఏఎండీ ఆప్టెరాన్ మెమరీ కంట్రోలర్‌ను చిప్‌ల పెట్టుకొని వచ్చినప్పుడు, జియాన్‌లు అన్నీ మెమరీకి పోయే ఒక్క దారి (బస్) మీదనే కొట్టుకునేటివి. అప్పుడు ఏఎండీ దిక్కు లొల్లి పెట్టింది నేనే.

కాజీపేట జంక్షన్: ఇప్పుడు రెండు జియాన్‌లు కలిపి తినే 240 వాట్ల దిక్కు పెడ్తున్నవా? ఎపిక్‌ది 155. మే నెల హన్మకొండల ఏసీ లేని రూమ్ యాది చేసుకో.

బొందివాగు: ఎపిక్ ఒకటి కొని, వచ్చే ఏడు రెండోది పెట్టుకోవచ్చా?

కాజీపేట జంక్షన్: పేరు చివర ‘పీ’ ఉంటే ఒక్క సాకెట్‌కే. రెండు కావాల్నంటే ఉత్త 7302 చూడు.

రాంపూర్ రిపేర్: ఒక మాట. సెకండ్‌హ్యాండ్ ఎపిక్‌ల కొన్నిటికి మొదటి సర్వర్ కంపెనీ తాళం పడి ఉంటది, వేరే కంపెనీ బోర్డుల స్టార్ట్ గావు. నాకు తగిలింది. ఫ్యాన్లు తిరుగుతయి, తెర మీద ఏం రాదు. మూడు రాత్రులు ర్యామ్ మార్చి మార్చి చూసిన. అమ్మినాయన నీ బోర్డే పోయిందన్నడు. తాళం సంగతి తర్వాత తెలిసింది, పైసలైతే రాలే. నీ బోర్డులనే పెట్టి, లేచినంక పైసలియ్యి.

బొందివాగు: గుండె జారింది అన్నా. కాకా, నీ కాడ గవే జియాన్‌లు రెండున్నయి గదా. నా మెష్ (నాలాను చిన్న చిన్న గళ్లుగ చేసిన ఫైలు) పంపుత, ఒకపారి 28 కోర్లతోటి, ఒకపారి 16తోటి నడిపిస్తవా? టైం పెద్దగ తేడా లేకుంటే ఆగేది మెమరీ కాడనే అన్నట్టు, 28 మీద ఆశ ఇడుస్త.

పాత సర్వర్ కాకా: పంపు. 16 పెట్టినప్పుడు సాకెట్‌కు ఎనిమిదేసి పంచుత, లేకుంటే లెక్క తప్పుతది. రాత్రి కరెంటు పోకుంటే పొద్దుగాల చెప్తా.