గోడ మీద ఒకటి, డ్రమ్ము మీద పుర్రె: మిథనాల్ సీసాకు లేబుల్ ఎలా ఉండాలి?

ప్రశ్న: షిఫ్ట్ ఇన్‌చార్జి, పరవాడ

నేను పరవాడలోని ఒక బల్క్ డ్రగ్ కర్మాగారంలో పనిచేస్తున్నాను. మాకు మిథనాల్ 200 లీటర్ల డ్రమ్ముల్లో వస్తుంది. పరికరాలు కడగడానికి కావలసినంత 500 మి.లీ. వాష్ బాటిళ్లలోకి వంపుకుని, వాటి మీద మార్కరుతో పేరు రాసి వాడుకుంటాము. ఇటీవల ఒక కొనుగోలుదారు తరఫున వచ్చిన ఆడిటరు దీన్ని లోపంగా నమోదు చేశారు. డ్రమ్ము మీద పూర్తి లేబుల్ ఉన్నప్పుడు చిన్న సీసాకు కూడా అంత అవసరమా అన్నది నా మొదటి సందేహం.

రెండోది కొత్తగా చేరిన ఆపరేటరు అడిగినది. మా సాల్వెంట్ గది గోడ మీద నాలుగు రంగుల పాత బొమ్మ ఉంది. అందులో మిథనాల్‌కు నీలం (ఆరోగ్యం) గడిలో 1, ఎరుపు (మంటలు) గడిలో 3 అని రాసి ఉంది. డ్రమ్ము మీద చూస్తే పుర్రె గుర్తు ఉంది. ఎస్‌డీఎస్ (రసాయనంతో వచ్చే భద్రతా సమాచార పత్రం)లో మాత్రం మంటల ప్రమాదం కేటగిరీ 2 అని, విషప్రభావం కేటగిరీ 3 అని ఉంది. "ఆరోగ్యానికి ఒకటే అంటే తక్కువే కదా సార్, మరి పుర్రె ఎందుకు వేశారు?" అని అతను అడిగితే నా దగ్గర సమాధానం లేకపోయింది. తెలిసినవారు వివరించగలరు.

జవాబు: సేఫ్టీ ఆఫీసరు, జీడిమెట్ల

మీ మొదటి సందేహానికి సమాధానం 1989 నాటి ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాల్లో, 17వ నియమంలో ఉంది. ప్రమాదకర రసాయనం ఉన్న ప్రతి పాత్ర మీదా లోపల ఏముందో, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా ఏమిటో, దాని భౌతిక, రసాయన, విష లక్షణాలు ఏమిటో స్పష్టంగా కనిపించాలని ఆ నియమం చెబుతుంది. అందులో "ప్రతి పాత్ర" అన్నారు గాని "ప్రతి డ్రమ్ము" అనలేదు. పాత్ర మరీ చిన్నదై లేబుల్ అతికించడం సాధ్యం కాకపోతే ట్యాగు కట్టడం, వెంట కాగితం ఉంచడం వంటి మార్గాలకు అదే నియమం వీలు కల్పించింది. అయితే 500 మి.లీ. సీసాను అంత చిన్నదని వాదించడం కష్టం.

ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి వృత్తి భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది కాబట్టి పాత నియమాలు పోయాయని కొందరు అనుకుంటున్నారు. ఈ 1989 నియమాలు 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చినవి. వాటికీ ఆ మార్పుకూ సంబంధం లేదు. ఇంకొక మాట: పుర్రె వంటి ఎర్ర అంచు గుర్తులు ఫలానా విధంగా వేయాలని ఆ నియమంలో లేదు. మీ డ్రమ్ము మీద కనిపించేది రసాయనాల ప్రమాదాన్ని వర్గీకరించి లేబుల్ వేయడానికి ఐక్యరాజ్యసమితి రూపొందించిన జీహెచ్‌ఎస్ పద్ధతి.

జవాబు: ప్రయోగశాల భద్రతా విభాగం, న్యూజెర్సీ

మీ ఆపరేటరు వేసిన ప్రశ్న ఇక్కడ శిక్షణలో మేమూ తరచుగా వింటాము. రెండు పద్ధతుల్లో అంకెలు ఎదురుబొదురుగా నడుస్తాయి. గోడ మీది నాలుగు రంగుల బొమ్మ అమెరికాకు చెందిన ఎన్‌ఎఫ్‌పీఏ 704 ప్రమాణం. అందులో 0 అంటే ప్రమాదం నామమాత్రం, 4 అంటే అత్యధికం. మీ ఎస్‌డీఎస్‌లో ఉన్న జీహెచ్‌ఎస్ కేటగిరీల్లో 1 అన్నదే అన్నిటికంటే తీవ్రం. కాబట్టి గోడ మీద మంటలకు 3 అని, ఎస్‌డీఎస్‌లో కేటగిరీ 2 అని ఉన్నా, రెండూ ఒకే ద్రవం సులువుగా అంటుకుంటుందనే చెబుతున్నాయి. మిథనాల్ ఆవిరి సుమారు 11 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిప్పందుకుంటుంది. పరవాడలో చలికాలపు తెల్లవారుజామున కూడా అంతకంటే వెచ్చగానే ఉంటుంది కదా.

నీలం గడిలోని 1 సంగతి వేరు. ఆ బొమ్మను మంటలార్పడానికి పరుగెత్తుకొచ్చేవారి కోసం తయారుచేశారు; ఆ కొద్దిసేపట్లో వారికి ఎంత ముప్పు అన్నదే అందులో లెక్క. రోజూ ఆ ద్రవాన్ని చేత్తో వంపుకునే మనిషి సంగతి అందులో లేదు. మిథనాల్ మింగినా, పీల్చినా, చర్మం గుండా ఇంకినా ఒంట్లో ఫార్మాల్డిహైడ్‌గా, ఆపైన ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. లక్షణాలు గంటల తరబడి ఆలస్యంగా బయటపడవచ్చు కనుక మనిషి బాగానే ఉన్నాననుకుంటాడు. పుర్రె గుర్తు అందుకే.

ఇక్కడి ఓషా (అమెరికా కార్మిక భద్రతా సంస్థ) నిబంధనలో చిన్న సీసాలకు ఒక మినహాయింపు ఉంది: వంపుకున్న మనిషే, తన అదుపులోనే ఉంచుకుని, ఆ షిఫ్టులోనే వాడేస్తే లేబుల్ లేకపోయినా తప్పు కాదు. బల్ల మీద పెట్టి భోజనానికి వెళ్లి, ఆ సీసాను ఇంకొకరు ముట్టుకున్నారంటే ఆ మినహాయింపు చెల్లదు.

జవాబు: విశ్రాంత ప్రొడక్షన్ సూపర్‌వైజరు, పటాన్‌చెరు

మార్కరుతో రాస్తున్నానన్నారు. సీసా మూతి నుంచి నాలుగు చుక్కలు మిథనాల్ జారితే ఆ సిరా ముందు అలుక్కుపోతుంది, వారం తిరిగేసరికి అక్షరాలు మాయమవుతాయి. నేను పనిచేసిన ఒక చోట (పేరు చెప్పను) ఇలా పేరు చెరిగిన సీసా సింకు పక్కన ఉండగా, నైటు షిఫ్టు కుర్రవాడు నీళ్లనుకుని దాంతో కళ్లద్దాలు కడుక్కుని ముఖానికి పెట్టుకున్నాడు. కళ్లు మండి వెంటనే నీటి ధార కింద తల పెట్టడంతో గట్టెక్కాడు. అదే మంచినీళ్ల బాటిల్‌లో పోసి ఉంటే తాగేసేవాడే. విచారణ కాగితంలో "ఆపరేటరు అజాగ్రత్త" అని రాశారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పేరు లేని సీసాను అక్కడ పెట్టింది అతను కాదు.

అచ్చువేసిన లేబుల్ అతికించి, దాని మీద వెడల్పాటి పారదర్శక టేపు చుట్టూ రెండు పొరలు వేయండి. సంక్షిప్త రసాయన సంకేతం కాకుండా పూర్తి పేరు తెలుగులో, ఒడిశా నుంచి వచ్చినవారు ఉంటే ఒడియాలో కూడా రాయించండి.

ప్రశ్న అడిగినవారు, పరవాడ

అందరికీ కృతజ్ఞతలు. లేబుల్ ఇలా అచ్చువేయించాను: పైన "మిథనాల్", దాని కింద "అపాయం", తరువాత మంట, పుర్రె, ఛాతీ మీద నక్షత్రం ఉన్న మనిషి బొమ్మ, ఆ కింద "తాగితే ప్రాణాపాయం, చూపు పోతుంది. నిప్పుకు దూరంగా ఉంచాలి. గ్లవ్స్ లేకుండా ముట్టుకోరాదు." అడుగున తయారీదారు పేరు, చిరునామా, వంపిన తేదీ ఉన్నాయి. గోడ మీది బొమ్మ పక్కన "ఇక్కడ 4 ఎక్కువ, ఎస్‌డీఎస్‌లో 1 ఎక్కువ" అని ఒక కాగితం అంటించాము. ఖాళీ అయిన డ్రమ్ముల లేబుల్ తీసేయవచ్చా?

జవాబు: సేఫ్టీ ఆఫీసరు, జీడిమెట్ల

కడిగి, లోపల ఆవిరి లేదని నిర్ధారించే వరకు తీయవద్దు. నిండు డ్రమ్ము కంటే ఖాళీ డ్రమ్ములోనే ఆవిరి, గాలి కలిసి పేలే పాళ్లలో ఉండే అవకాశం ఎక్కువ. లేబుల్ పీకేసిన డ్రమ్మును స్క్రాపువాళ్లు గ్యాసు కట్టరుతో కోస్తారు.