సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) తగ్గింది, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) పెరిగింది. మందు తప్పా?

మందులషాపు_గుంటూరు: రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (కీళ్లవాతం) ఉన్న 54 ఏళ్ల ఆవిడ. దానికి టోఫాసిటినిబ్ మాత్ర 5 మి.గ్రా. రోజుకు రెండుసార్లు. మొదలుపెట్టే ముందు సీఆర్‌పీ 46, ఎల్‌డీఎల్ 94. ఎనిమిది వారాలకు సీఆర్‌పీ 5, ఎల్‌డీఎల్ 112. తిండి మారలేదు, బరువూ పెరగలేదు. ఇంట్లోవాళ్లు మందు ఆపేయమంటున్నారు. ఏం చెప్పాలి?

రుమటో_పీజీ: సొంతంగా ఆపొద్దనండి. నమ్మకూడనిది ఆ పాత 94నే. జబ్బు జోరుమీద ఉన్నప్పుడు కొలెస్ట్రాల్ రక్తంలోంచి మామూలుకన్నా వేగంగా ఖర్చయిపోతుంది. రిపోర్టు ముచ్చటగా ఉంటుంది, గుండెపోటు ముప్పు మాత్రం ఎక్కువే. వాపు దిగాక ఆ ఖర్చు తగ్గి, ఎల్‌డీఎల్ పైకి వస్తుంది.

హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) అంకె కూడా మోసం చేస్తుంది. వాపులో లివర్ సీరం అమైలాయిడ్-ఏ అనే ప్రోటీన్‌ను విపరీతంగా తయారుచేస్తుంది. అది హెచ్‌డీఎల్ మీదున్న అపో ఏ-1 అనే ప్రోటీన్‌ను నెట్టేసి కూర్చుంటుంది. దాంతో రక్తనాళాల గోడల్లోంచి కొలెస్ట్రాల్‌ను మోసుకొచ్చే పని కుంటుపడుతుంది.

ల్యాబ్_బెంచ్: జ్వరమో ఇన్ఫెక్షనో ఉన్నప్పుడు లిపిడ్ ప్రొఫైల్ చేయించకండి, తగ్గాక రెండు మూడు వారాలు ఆగండి. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఫ్రీడ్‌వాల్డ్ లెక్కతో (మిగతా లిపిడ్ అంకెల నుంచి) ఇచ్చే ఎల్‌డీఎల్ పనికిరాదు, నేరుగా కొలిచే డైరెక్ట్ ఎల్‌డీఎల్ అడగాలి. స్టెరాయిడ్ డోసు మారిందేమో కూడా చూడండి. లిపిడ్లు పెరగడానికి అదీ ఓ కారణమే, చాలామంది చెప్పరు.

మందులషాపు_గుంటూరు: స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) వేస్తే వాపు కూడా తగ్గుతుందా అండీ?

రుమటో_పీజీ: కాస్త. 2004లో వచ్చిన తారా ట్రయల్‌లో 116 మంది రుమటాయిడ్ రోగులకు 6 నెలలపాటు అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ 40 మి.గ్రా. గానీ ఉత్తి మాత్ర గానీ ఇచ్చారు. స్టాటిన్ వాడినవాళ్లలో సీఆర్‌పీ దాదాపు సగమైంది, కీళ్ల స్కోరు మాత్రం కొద్దిగానే తగ్గింది. కీళ్లకని స్టాటిన్ రాయరు, గుండెకని రాస్తారు.

కార్డియో_నోట్స్: కథ రెండోవైపు నుంచీ నడుస్తుంది, కొలెస్ట్రాల్ కూడా వాపును రేపుతుంది. రక్తనాళాల గోడల్లో పేరుకున్న కొలెస్ట్రాల్ స్ఫటికాలను మాక్రోఫేజ్‌లు (రక్షణ కణాలు) మింగితే, వాటిలోని ఎన్ఎల్ఆర్‌పీ3 అనే ప్రోటీన్ మేలుకుని, వాపు పెంచే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా విడుదలవుతుంది. 2017 నాటి కాంటోస్ ట్రయల్‌లో దాన్ని కనాకినుమాబ్ అనే మందు 150 మి.గ్రా.తో అడ్డుకుంటే, ఎల్‌డీఎల్ తగ్గకుండానే గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లు మాత్రం పెరిగాయి.

ఈవిడ విషయంలో గుండె ముప్పు స్కోరు వేసి, అందులో రుమటాయిడ్ కలవకపోతే 1.5తో హెచ్చించండి, యూరప్ రుమటాలజీ సంఘం యూలార్ సిఫార్సు అదే. ఎల్‌డీఎల్ 112 కన్నా నన్ను కంగారుపెట్టేది వేరే: 50 దాటి బీపీ, షుగర్, పొగ అలవాటు లాంటిది ఒక్కటున్నా, టోఫాసిటినిబ్‌తో గుండె సమస్యలు కీళ్లవాతానికే వాడే టీఎన్‌ఎఫ్ మందులకన్నా ఎక్కువని 2022లో తేలింది. డాక్టర్‌ను అడగాల్సింది ముందు అది.