పింఛను జాబితా నుంచి నమూనా తీసుకోవచ్చా? వైకల్యం, సామాజిక సమ్మిళితత్వంపై పిహెచ్‌డి గురించి ఒక సందేహం

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని, తిరుపతి

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో సమాజశాస్త్రంలో పిహెచ్‌డి చేస్తున్నాను. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెల్లో వికలాంగులకు ఊరి జీవితంలో ఎంతవరకు చోటు దొరుకుతోందన్నది నా అంశం. సచివాలయాల్లోని పింఛనుదారుల జాబితా నుంచి 300 మందిని ఎంపిక చేసి, ఐదు స్థాయుల జవాబులుండే ప్రశ్నావళితో వివరాలు సేకరిస్తానని సినాప్సిస్‌లో రాశాను. గైడ్ గారు అభ్యంతరం చెప్పలేదు.

అయితే పైలట్ సర్వే కోసం కొన్ని ఇళ్ళకు వెళ్ళాక నాకే అనుమానాలు మొదలయ్యాయి. జాబితాలో పేరున్న ఒకాయన పక్కింట్లోనే చూపు దాదాపు పోయిన ఒక పెద్దావిడ ఉన్నారు. ఆమెకు సర్టిఫికెట్ లేదు గనుక నా లెక్కలోకి రారు. పైగా "ఊళ్ళో శుభకార్యాలకు మిమ్మల్ని పిలుస్తారా?" అని అడిగితే అందరూ "ఎందుకు పిలవరు!" అనే అంటున్నారు, ఆ మాట అనేది కూడా చాలాచోట్ల ఇంటి పెద్దే. ఈ జవాబులనే పట్టికల్లో పెడితే ఎక్కడా ఏ సమస్యా లేదని తేలుతుంది. నమూనాను, ప్రశ్నలను ఎలా మార్చుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: విశ్రాంత ఆచార్యుడు, చిత్తూరు

అమ్మా, పింఛను జాబితాలోకి ఎక్కాలంటే వైకల్య శాతాన్ని నిర్ధారించే సదరం శిబిరానికి స్లాటు దొరకాలి, పని మానుకుని వెంట వచ్చే మనిషి ఉండాలి, కనీసం 40 శాతం వైకల్యం ఉందని వైద్యులు ధ్రువీకరించాలి. ఇవన్నీ సాధించుకున్న కుటుంబానికి ఎంతో కొంత అండ ఉన్నట్టే లెక్క. అలాంటి అండ లేనివారే మీ అంశానికి అందరికంటే ముఖ్యం. ఈ జాబితాతో మొదలుపెడితే వారే మొట్టమొదట జారిపోతారు. ఆ తరువాత మీరు ఎంత పకడ్బందీ గణాంక పద్ధతి వాడినా ఆ లోటు పూడదు.

అందుకని మండలాలు తగ్గించుకుని, ఎంచుకున్న ఊళ్ళలో ఇంటింటి జాబితా మీరే తయారుచేసుకోండి. దానికి వాషింగ్టన్ గ్రూప్ (వైకల్య గణాంకాల కోసం ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ఏర్పడిన నిపుణుల బృందం) వారి ఆరు ప్రశ్నలు సరిపోతాయి. చూడటంలో, వినడంలో, నడవడంలో, గుర్తుపెట్టుకోవడంలో, సొంత పనులు చేసుకోవడంలో, మాట్లాడి అర్థం చేయించడంలో ఎంత ఇబ్బంది ఉందో నాలుగు స్థాయుల్లో అడుగుతారు. ఏ ఒక్కదానిలోనైనా "చాలా ఇబ్బంది" అని గానీ, "అసలు చేయలేను" అని గానీ చెప్పినవారిని లెక్కలోకి తీసుకుంటారు. ఈ ప్రశ్నల్లో వైకల్యం అన్న మాటే రాదు. "మీ ఇంట్లో వికలాంగులున్నారా?" అంటే లేరనే ఇల్లు, "అవ్వకు చూపు ఆనుతుందా?" అంటే అరగంట చెబుతుంది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, అంటే జనాభాలో 2.21 శాతం, ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచ జనాభాలో సుమారు 16 శాతం. ఇంత తేడాకు అడిగే తీరు ఒక పెద్ద కారణం. మానసిక ఆరోగ్య సమస్యలను మాత్రం ఈ ఆరు ప్రశ్నలు సరిగ్గా పట్టుకోలేవు గనుక ఆ పరిమితిని మొదటి అధ్యాయంలోనే ఒప్పుకోండి.

ఇంకొక హెచ్చరిక. 2011 లెక్కలు పాత చిత్తూరు జిల్లావి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విభజించినప్పుడు మదనపల్లె వైపు ప్రాంతం విడిపోయింది, నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మొత్తాలను పక్కపక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో రాస్తే వైవాలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది. మండలాల వారీగా తీసుకుని మళ్ళీ కూడుకోండి.

జవాబు: చక్రాల కుర్చీ వాడే ఒక పరిశోధకుడు, తిరుపతి

ఆచార్యుల వారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, పింఛను జాబితాను పూర్తిగా వదిలేయమని నేను చెప్పను. ఒకే ఊళ్ళో సర్టిఫికెట్ ఉన్నవారిని, లేనివారిని పోల్చి చూస్తే ఆ కాగితం వల్ల ఊళ్ళో మనిషి స్థానం మారుతోందో లేదో తెలుస్తుంది. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. ఆ 6,000 ఎవరి చేతిలో ఉంటోంది, దాన్ని ఖర్చు పెట్టేటప్పుడు ఆ మనిషిని అడుగుతున్నారా అన్నవి మంచి ప్రశ్నలు. అలాగే పింఛను ఇంటికే వచ్చి ఇవ్వడం ఎంతో మేలే అయినా, నెలకొకసారి బయటికి వెళ్ళి నలుగురితో మాట్లాడే ఆ ఒక్క అవకాశం కొందరికి పోయిందేమో కూడా అడగండి. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. 2025లో సర్టిఫికెట్ల పునఃపరిశీలన జరిగినప్పటి నుంచి, కాగితాలు పట్టుకుని కొత్త మనిషి వస్తే పింఛను తీసేయడానికి వచ్చారనే అనుకుంటున్నారు. మీరెవరో, దేనికి వచ్చారో ముందే విడమరిచి చెప్పకపోతే వచ్చే జవాబులన్నీ భయంలోంచి వచ్చినవే అవుతాయి.

"పిలుస్తారా?" అన్న ప్రశ్నను తీసేయండి. పోయినసారి పెళ్ళికి ఇంట్లో ఎవరెవరు వెళ్ళారు, ఇంటికి కాపలా ఎవరున్నారు, వెళ్ళినవారు బంతిలో కూర్చుని తిన్నారా లేక విడిగా ఒక మూలకు తెచ్చి పెట్టారా అని జరిగినదాన్నే అడగండి. అప్పుడు "పిలుస్తారు" అన్న ఇంట్లోనే వేరే సంగతి బయటపడుతుంది.

నేను నగరిలో ఒక మరమగ్గాల షెడ్డులో గమనించినది చెబుతాను. మగ్గాలు ఆడుతుంటే ఆ హోరులో ఎవరి మాటా ఎవరికీ వినిపించదు కనుక అందరూ సైగలతోనే పని నడుపుకుంటారు. పుట్టుకతో వినికిడి లేని కార్మికుడికి అక్కడ ఏ లోటూ లేదు, నిజానికి అందరికంటే చురుగ్గా ఉన్నాడు. కరెంటు పోయి, అందరూ టీ కొట్టు దగ్గర చేరి కూలి రేటు గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టగానే అతను ఒంటరివాడయ్యాడు. చెవులు మారలేదు, చోటు మారింది. మీ ఐదు స్థాయుల ప్రశ్నావళి ఆ మనిషికి ఒకే మార్కు వేస్తుంది. అందుకే పదిహేను ఇరవై మందితోనైనా తీరిగ్గా కూర్చుని, ఒక రోజు ఎలా గడుస్తుందో చోటు చోటుకీ రాసుకోండి.

చివరిగా చట్టం మాట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 6వ సెక్షన్ ప్రకారం, వారికి అర్థమయ్యే రూపంలో వివరించి స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి తీసుకోకుండా, ప్రభుత్వం నియమించే పరిశోధన కమిటీ ముందస్తు అనుమతి లేకుండా వికలాంగులను పరిశోధనకు వినియోగించకూడదు. ఆ కమిటీలో కనీసం సగం మంది వికలాంగులు గానీ వారి రిజిస్టరు సంఘాల సభ్యులు గానీ ఉండాలి. విశ్వవిద్యాలయ నైతిక కమిటీ సంతకంతో సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మీరు ముందుగానే జిల్లా వికలాంగుల సంక్షేమ శాఖకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టుకోండి.

జవాబు: ప్రత్యేక ఉపాధ్యాయురాలు, సత్యవేడు

వినికిడి లోపం ఉన్నవారి విషయంలో ఒక మాట కలుపుతాను. తిరుపతిలో టి.టి.డి. నడిపే బధిర పాఠశాల వంటి చోట చదివినవారికి సంకేత భాష వచ్చు గనుక దుబాసీని తీసుకువెళితే చాలు. బడి ముఖమే చూడనివారికి ఇంట్లో తయారైన సైగలే భాష, అవి తల్లికో చెల్లెలికో తప్ప అర్థం కావు. అప్పుడు ఇంటివారు చెప్పింది వేరే రంగు సిరాతో రాసుకుని, ఆ మనిషి స్వయంగా చూపించింది వేరుగా పెట్టుకోండి. మేధో వైకల్యం ఉన్నవారికి ఐదు స్థాయుల కొలమానం వద్దు. బొమ్మలు చూపించి, ఎవరి ఇంటికి వెళతారో, ఎవరు వస్తారో అడిగితే చక్కగా చెబుతారు. మా సత్యవేడు వైపు, అటు కుప్పం వైపు ఇళ్ళలో తమిళం మాట్లాడేవారు ఎక్కువ. తెలుగు ప్రశ్నావళి ఒక్కటే పట్టుకు రావద్దు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:

అందరికీ కృతజ్ఞతలు. ఊళ్ళు తగ్గించి ఇంటింటి జాబితాతో మొదలుపెడతాను, పింఛను జాబితాను పోలిక కోసం ఉంచుకుంటాను. అయితే అనుమతి, జాబితా, విడివిడి సంభాషణలు అన్నీ చేయాలంటే గడువు దాటిపోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: విశ్రాంత ఆచార్యుడు, చిత్తూరు

యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం పిహెచ్‌డికి గరిష్ఠంగా ఆరేళ్ళు, తిరిగి నమోదు చేసుకుంటే మరో రెండేళ్ళు ఇవ్వవచ్చు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ళ సడలింపు ఉంది. మీరు గడువు గురించి కంగారు పడకుండా, మారిన నమూనాను ముందు డాక్టోరల్ కమిటీ ముందు పెట్టి మినిట్స్‌లో రాయించుకోండి. ప్రభుత్వ పరిశోధన కమిటీ అనుమతి కోసం దరఖాస్తు కూడా అదే వారంలో పంపండి; అన్నిటికంటే ఆలస్యమయ్యేది అదే.